మానని పుండు, తిరగబెట్టిన పాత మచ్చ: చర్మ క్యాన్సర్‌ని ఎలా గుర్తించాలి, వైద్యం ఎలా చేయించుకోవాలి

మా మేనత్తకి చిన్నప్పుడు చలికాలంలో కుంపటి ఒంటి మీద పడి ఎడమ కాలు పిక్క దగ్గర కాలింది. మచ్చ మిగిలింది. నలభై ఏళ్లు ఆ మచ్చని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక ఏడాది కోతల రోజుల్లో అక్కడ చిన్న పగులు వచ్చింది. పసరు కట్టారు, పసుపు రాశారు, ఊళ్లో ఒకాయన సూదిమందు కూడా వేశాడు. పదకొండు నెలలు గడిచాక పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకెళ్తే, అక్కడ డాక్టర్ పుండు అంచు చూడగానే ముక్క తీయాలన్నాడు. రిపోర్టులో 'స్క్వేమస్ సెల్ కార్సినోమా' అని వచ్చింది. ఆ పదకొండు నెలల బాధ ఇంకా నాలో ఉంది. ఏ పని ఎప్పుడు చేయాలో అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు గురించి రెండు మాటలు. చర్మం పై పొరలో చేప పొలుసుల్లా పరుచుకున్న చదునైన కణాలు ఉంటాయి. అవి అదుపు తప్పి పెరగడమే ఈ క్యాన్సర్. తెల్లవాళ్ల దేశాల్లో ఇది ఎక్కువగా ఎండ తగిలే ముఖం, చెవులు, చేతుల మీద వస్తుంది. మనలాంటి ముదురు రంగు చర్మం వాళ్లలో ఎండ తగలని చోట్ల, అందులోనూ పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుళ్ల మీద వచ్చేవి ఎక్కువ. అందుకే 'పుట్టుమచ్చ రంగు మారితే చూపించుకోండి' అనే ప్రచారం ఒక్కటే మనకి సరిపోదు. పాత మచ్చలో క్యాన్సర్ వస్తే దాన్ని డాక్టర్లు మార్జొలిన్ అల్సర్ అంటారు. ఇలాంటి పుళ్ల గురించి 1828లో రాసిన ఫ్రెంచి సర్జన్ పేరు అది. కాలిన నాటి నుంచి క్యాన్సర్ వచ్చేదాకా సగటున 30 ఏళ్లు పడుతుంది. ఎప్పటిదో మచ్చ ఇప్పుడేం చేస్తుందిలే అనుకోవడానికి కారణం ఈ ఆలస్యమే.

భయపడిపోకండి. కాలిన మచ్చ ఉన్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికే ఇలా జరుగుతుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. తొందరగా కోసి తీస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

మొదటి పని: ఇంట్లో ఎవరి ఒంటి మీద ఏముందో చూడండి

పగటి వెలుగులో, వసారాలో కూర్చోబెట్టి చూడండి. ముఖ్యంగా ఎవరిని చూడాలంటే, ఒంటి మీద పెద్ద కాలిన మచ్చ ఉన్నవాళ్లని. చీరకి నిప్పంటుకుని కాలినవాళ్లు, చిన్నప్పుడు గంజిలో, నూనెలో పడినవాళ్లు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. మోకాలి వెనక, మోచేతి మడతలో, చంకలో చర్మం బిగుసుకుపోయి మానిన మచ్చ అయితే ఇంకా జాగ్రత్త. నడిచినప్పుడల్లా అది సాగి పగులుతుంది, మళ్లీ మానుతుంది, మళ్లీ పగులుతుంది.

కుష్ఠు వ్యాధి తగ్గినా పాదాలకి స్పర్శ లేనివాళ్ల అరికాలి పుళ్లు, ఎముక కుళ్లి ఏళ్లుగా చీము కారే రంధ్రాలు, నరాలు ఉబ్బిన కాళ్ల మీది పుళ్లు, ఇవన్నీ ఇదే కోవలోవి. పుట్టుకతోనే చర్మం, జుట్టు తెల్లగా ఉన్న పిల్లలకి మాత్రం ఎండే శత్రువు. వాళ్లకి పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ చిన్నప్పటి నుంచీ అలవాటు చేయాలి. కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లకి, హెచ్ఐవీ ఉన్నవాళ్లకి కూడా ముప్పు ఎక్కువే.

నడుం చుట్టూ కూడా చూడండి. లంగా బొందు, పంచె ముడి ఏళ్ల తరబడి ఒరుసుకున్న చోట చర్మం నల్లబడి, మందమై, పొట్టు రాలుతుంటే గమనించాలి. బొంబాయి టాటా మెమోరియల్‌కి చెందిన డాక్టర్ ఖనోల్కర్ 1945లోనే 'ధోవతి క్యాన్సర్' గురించి రాశారు. తర్వాత 'చీర క్యాన్సర్' అనే పేరు కూడా వైద్య పత్రికల్లోకి వచ్చింది. అరుదే, కానీ ఉంది. బొందుకి బదులు వెడల్పు పట్టీ వాడటం, దాన్ని కాస్త వదులుగా కట్టుకోవడం కష్టమైన పనేమీ కాదు.

మగవాళ్లు దాచే చోటు ఒకటి ఉంది. ముందోలు వెనక్కి రాని మగవాళ్లకి ఆ లోపల పుండు గానీ గడ్డ గానీ ఉంటే అదీ ఇదే జాతి క్యాన్సర్ కావచ్చు. సిగ్గుపడి ఏడాది దాచితే, పోగొట్టుకోవాల్సింది కూడా అంతకంత పెరుగుతుంది.

ఇంకొక మాట. మన ఉత్తరాంధ్ర, గంజాం తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు ఉంది. 1971లో అచ్చయిన ఒక పరిశోధనలో శ్రీకాకుళం జిల్లాలో పది వేల మందికి పైగా పరీక్షిస్తే, వాళ్లలో 40 శాతానికి పైగా ఇలా తాగేవాళ్లే. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ కూడా ఈ పొలుసు కణాలదే. అది చర్మం జబ్బు కాదు, నోటి జబ్బు, వైద్యం వేరు. కానీ ఒళ్లు చూసే రోజున నోరు కూడా తెరిపించి, టార్చి వేసి చూడండి. కింది పెదవి మీద మానని పొక్కు ఉంటే అస్సలు వదలొద్దు.

రెండో పని: మామూలు పుండా, అనుమానించాల్సిందా తేల్చుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మా అత్త విషయంలో మేము తప్పింది ఇక్కడే.

పుండు మధ్యలో ఏముందో అందరూ చూస్తారు. చీముందా, రసి కారుతోందా అని. చూడాల్సింది అంచు. మానుతున్న పుండు అంచు లోపలికి వాలుగా దిగుతుంది, చుట్టూ పల్చటి కొత్త చర్మం పాకుతూ కనిపిస్తుంది, వారం వారం వెడల్పు తగ్గుతుంది. క్యాన్సర్ పుండు అంచు పైకి లేచి, బయటికి మడిచినట్టు ఉంటుంది. పక్కనున్న చర్మం కంటే ఎత్తుగా, గట్టిగా తగులుతుంది. చేతికి తొడుగు వేసుకుని అంచుని మెల్లగా నొక్కితే చెక్కముక్కలా ఉంటుంది. కొందరికి పుండులా కాకుండా కాలీఫ్లవర్ పువ్వులా మాంసం పెరుగుతుంది. దాన్ని చూసి 'కొత్త మాంసం వస్తోంది, మానుతోంది' అనుకునేవాళ్లు ఉన్నారు. మేమూ అలాగే అనుకున్నాం. ఇంకొందరికి పులిపిరిలా, చిన్న కొమ్ములా గట్టిపడి, పైన చెక్కు కడుతుంది. చెక్కు ఊడితే కింద నెత్తురు. మళ్లీ చెక్కు కడుతుంది.

వీటితో పాటు ఇవి కూడా గమనించండి: గుడ్డ తగిలినా నెత్తురు రావడం, ఇంతకుముందు లేని చెడ్డ వాసన, ఎన్నో ఏళ్లుగా నొప్పి లేని మచ్చలో కొత్తగా సలుపు, చుట్టుపక్కల తిమ్మిరి. కాలి మీద పుండైతే గజ్జల్లో, చేతి మీదైతే చంకలో, ముఖం, పెదవి మీదైతే మెడ పక్కన బిళ్ల కట్టిందేమో తడిమి చూడండి. పుండుకి చీము పట్టినా బిళ్లలు కడతాయి, కాబట్టి బిళ్ల కనిపించగానే పాకిపోయిందని గుండెలు బాదుకోవద్దు. అది తేల్చాల్సింది పరీక్ష.

ఫోన్‌తో వారానికోసారి ఫోటో తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి. ఇప్పటి కొత్త రూపాయి బిళ్ల వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. డాక్టర్లు ముప్పు లెక్కగట్టేటప్పుడు చూసే ఒక కొలత కూడా అదే. రూపాయి బిళ్ల కంటే పెద్దదైతే జబ్బుని ఇంకా గట్టిగా పట్టించుకుంటారు. ఆ ఫోటోలు తేదీలతో సహా డాక్టర్‌కి చూపిస్తే మీరు పది నిమిషాలు చెప్పేది ఆయనకి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

లెక్క ఒకటే పెట్టుకోండి. సరిగ్గా కట్టు కట్టుకుంటున్నా ఆరు వారాల్లో మానని పుండు, లేదా పాత మచ్చలో కొత్తగా వచ్చి నెల దాటిన పుండు, ముక్క పరీక్షకి వెళ్లాల్సిందే. అంచు లేచినట్టు కనిపిస్తే ఆరు వారాలు కూడా ఆగొద్దు.

ఈలోగా చేయకూడనివి

పసరు, మైలుతుత్తం, బ్యాటరీ పొడి, సున్నం లాంటివి పెట్టొద్దు. అవి పైపొరని కాల్చేసి చెక్కు కట్టిస్తాయి. పైకి మానినట్టు కనిపిస్తుంది, లోపల పెరుగుతూనే ఉంటుంది. చురకలు వేయించొద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీము రాయొద్దు. నాటువైద్యుణ్ని నమ్మేవాళ్లతో గొడవపడి ప్రయోజనం లేదని నాకు అనుభవం. 'ఆయన మందు ఆపమనడం లేదు అత్తా, పుండు మీద మాత్రం పెట్టొద్దు, ముందు ముక్క పరీక్ష చేయిద్దాం' అంటేనే మా అత్త బండెక్కింది.

మరిగించి చల్లార్చిన నీళ్లతోనో సెలైన్‌తోనో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో కప్పి ఉంచండి, చాలు. ఈగలు వాలనివ్వొద్దు. పురుగులు పడినా సిగ్గుపడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, వాళ్లకి అది కొత్త కాదు. నెత్తురు ఆగకుండా కారితే శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు చెయ్యి తీయకుండా గట్టిగా అదిమిపట్టి, వెంటనే బయలుదేరండి.

మూడో పని: ముక్క పరీక్ష చేయించండి

స్కానింగులకి, రక్తపరీక్షలకి ముందుగా డబ్బు తగలేయొద్దు. పుండు క్యాన్సరా కాదా చెప్పేది బయాప్సీ ఒక్కటే. చర్మ డాక్టర్ గానీ జనరల్ సర్జన్ గానీ చేస్తారు. మత్తు సూది ఆ చోట మాత్రమే వేసి, చిన్న ముక్క తీసి, ఒక కుట్టు వేస్తారు. అదే రోజు ఇంటికి రావచ్చు. నెత్తురు పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

'కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది' అనే మాట మన ఊళ్లలో ఎంత గట్టిగా నాటుకుపోయిందో నాకు తెలుసు. ముక్క తీయడం వల్ల ఈ జబ్బు పాకదు. ముక్క తీశాక రిపోర్టు పట్టుకుని భయంతో ఇంట్లో కూర్చున్నవాళ్లలో పాకుతుంది. చూసేవాళ్లు ఆ నింద కత్తి మీద వేస్తారు.

ముక్క ఎక్కడి నుంచి తీశారన్నది ముఖ్యం. పుండు మధ్యలో కుళ్లిన భాగం నుంచి తీస్తే 'వాపు మాత్రమే ఉంది' అని రావచ్చు. లేచిన అంచు నుంచి, లోతుగా, రెండు మూడు చోట్ల తీయాలి. 'అంచు నుంచి తీస్తారా సార్' అని అడగడం అమర్యాద కాదు. రిపోర్టులో 'సూడో ఎపిథీలియోమేటస్ హైపర్‌ప్లేసియా' (క్యాన్సర్ కాదు, పైపొర కణాలు మందంగా పెరిగాయంతే) అని ఉండి, పుండు మాత్రం పెరుగుతూనే ఉంటే, ఇంకోసారి లోతుగా ముక్క తీయమని అడగండి. పాత పుళ్లలో చూడ్డానికి అదీ క్యాన్సరూ ఒకేలా ఉంటాయి.

ఎక్కడికి వెళ్లాలి? గజపతి, గంజాం వాళ్లకి బరంపురంలోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీ దగ్గర. ఆ పేరు పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతిదే. కొరాపుట్, జయపురం వాళ్లకి కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. క్యాన్సర్ అని తేలాక ఒడిశాలో కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ ఆస్పత్రి, ఆంధ్రా వైపు విశాఖలో కేజీహెచ్, అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఒడియా సరిగా రాని పెద్దవాళ్లకి భాషే పెద్ద టెన్షన్. 'ఏఇ ఘా ఛఅ సప్తాహ హేలా శుఖు నాహి' అని చీటీ మీద తెలుగు అక్షరాల్లో రాసివ్వండి. ఈ పుండు ఆరు వారాలుగా మానడం లేదు అని అర్థం. కాలిన మచ్చని 'పొడా దాగ' అంటారు. బోర్డు మీద 'కర్కట' అని కనిపిస్తే అది క్యాన్సర్ విభాగం.

నాలుగో పని: రిపోర్టు చదవడం నేర్చుకోండి

'వెల్ డిఫరెన్షియేటెడ్' అంటే కణాలు ఇంకా మామూలు చర్మకణాల పోలికలోనే ఉన్నాయని, నెమ్మది రకమని. 'పూర్లీ డిఫరెన్షియేటెడ్' అంటే దూకుడు రకం. 'పెరిన్యూరల్ ఇన్వేజన్' అని ఉంటే నరం వెంట పాకుతోందని అర్థం, వైద్యం గట్టిగా ఉండాలి. 'ఇన్ సిటూ' లేదా 'బోవెన్స్ డిసీజ్' అని ఉంటే ఇంకా పైపొర దాటలేదు, చాలా మంచి వార్త.

మామూలు చర్మం మీద వచ్చే ఈ క్యాన్సర్ వేరే చోటికి పాకేది నూటికి ఐదుగురి కంటే తక్కువమందిలోనే. పాత మచ్చల్లో వచ్చింది మాత్రం అంతకంటే చాలా ఎక్కువమందిలో బిళ్లలకి పాకుతుంది. అందుకే మచ్చ మీది పుండుకి గజ్జలు, చంకలు అల్ట్రాసౌండ్‌తో చూసి, అనుమానం ఉంటే సూదితో నమూనా తీస్తారు. ఎముక దగ్గరైతే ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ.

ఐదో పని: వైద్యం

అసలు వైద్యం కోసి తీసేయడమే. కనిపించే పుండు ఒక్కటే తీస్తే చాలదు, చుట్టూ మంచి చర్మం కూడా కలిపి తీయాలి. చిన్న, నెమ్మది రకానికి 4 నుంచి 6 మిల్లీమీటర్లు, ముప్పు ఎక్కువ ఉన్నదానికి ఇంకా ఎక్కువ, పాత మచ్చలో వచ్చినదానికి సాధారణంగా 2 సెంటీమీటర్ల దాకా తీస్తారు. 'ఇంత పుండుకి అంత కోశారేంటి' అని చుట్టాలు అంటారు. అంత కోయడమే సరైన పని. తర్వాత వచ్చే రిపోర్టులో 'మార్జిన్స్ ఫ్రీ', అంటే కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదు, అని ఉందో లేదో తప్పక అడగండి. లేకపోతే మళ్లీ కోయాల్సి రావచ్చు.

ఖాళీ అయిన చోట తొడ నుంచి పల్చటి చర్మం తీసి అతుకుతారు. నిజం చెప్పాలంటే అతికిన చోటి కంటే తీసిన తొడే ఎక్కువ మండుతుంది. ముందే తెలిస్తే కంగారు ఉండదు. కాలి మీద అతికితే కాలు ఎత్తులో పెట్టి పడుకోవాలి, డాక్టర్ చెప్పేదాకా నేల మీద మోపకూడదు. చుట్ట, బీడీ మానాలి, పొగ తాగేవాళ్లకి అతికిన చర్మం సరిగా పట్టదు. బిళ్లలకి పాకి ఉంటే వాటినీ తీస్తారు. ఎముకలోకి దిగిపోతే కాలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఆ మాట విని ఆస్పత్రి నుంచి పారిపోయినవాళ్లు తర్వాత ఇంకా పైకి తీయించుకోవాల్సి వస్తుంది. కాలు పోయినా జైపూర్ కాలుతో నడిచేవాళ్లు మన చుట్టూ ఉన్నారు.

రేడియేషన్ కొందరికి ఆపరేషన్ తర్వాత ఇస్తారు, ఆపరేషన్ తట్టుకోలేని ముసలివాళ్లకి దాని బదులు ఇస్తారు. వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు. మధ్యలో మానేస్తే ఫలితం చెడుతుంది, కాబట్టి పొలం పనులు, బస ముందే చూసుకుని వెళ్లండి. పైపొర దాటని జబ్బుకి క్రీములు, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం లాంటి చిన్న వైద్యాలు చాలు. బాగా ముదిరినవాళ్లకి కీమో, కొత్తగా ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) ఉన్నాయి. రెండోది చాలా ఖరీదు.

నయం కాని దశలో ఉన్నవాళ్లని 'ఇంక ఏం లేదు' అని వదిలేయకండి. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ పొడిని పుండు మీద ఎలా వాడాలో డాక్టర్‌ని అడగండి. ఆ వాసన వల్లే మనవలు దగ్గరికి రావడం మానేసిన ఇల్లు నేను చూశాను. వాసన తగ్గాక ఆ పిల్లలే మంచం పక్కన కూర్చున్నారు.

డబ్బు, ప్రయాణం

ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. ఈ పథకంలో ఉన్న పక్క రాష్ట్రం ఆస్పత్రుల్లోనూ ఆయుష్మాన్ కార్డు చెల్లుతుంది, కానీ బయలుదేరకముందే 14555కి ఫోన్ చేసి ఆ ఆస్పత్రి, ఆ ఆపరేషన్ ఉన్నాయో లేదో అడగండి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయేమో చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒడియాలో రాసి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చేసరికి వేరే మనిషి పేరులా తయారవుతాయి. మా అత్తకి ఒక రోజంతా దీనికే పోయింది.

క్యాన్సర్ పేషెంట్‌కి వైద్యం కోసం చేసే రైలు ప్రయాణంలో స్లీపర్ టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి కూడా రాయితీ ఉంది. ఆస్పత్రి నుంచి రైల్వే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. పెద్దాస్పత్రికి వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు ఒక్కటే చాలదు. ముక్కని దాచిన మైనపు బ్లాకు, గాజు స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్తే మళ్లీ ముక్క తీసే బాధ తప్పవచ్చు.

ఆపరేషన్ అయ్యాక

మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకో ఏడాదికో డాక్టర్‌కి చూపించాలి. తిరిగి వచ్చేవాటిలో ఎక్కువ మొదటి రెండేళ్లలోనే వస్తాయి. ఇంట్లో నెలకోసారి మీరే చూడండి. అతికిన చర్మం అంచు చుట్టూ వేలితో తడమండి, గట్టి గింజలా తగిలితే ఆ వారమే వెళ్లండి. గజ్జల్లో, చంకల్లో తడమండి. మిగతా మచ్చకి రోజూ కొబ్బరినూనె రాసి మెత్తగా ఉంచండి, ఎండలో కప్పుకోండి. స్పర్శ లేని పాదాలున్నవాళ్లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు అడిగి తెచ్చుకుని, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి. ఇంట్లో ఇప్పుడు ఎవరైనా లోతుగా కాలితే, మూడు వారాల్లో మానకపోతే అప్పుడే చర్మం అతికించమని అడగండి. దానంతట అదే మానాలని నెలల తరబడి వదిలేసిన కాలిన గాయాలే ఎక్కువగా ఇలా తిరగబెడతాయి.

మా అత్తకి నెల మొదటి ఆదివారం మా చెల్లెలు చూస్తుంది. చూసి, రూపాయి బిళ్ల పక్కన పెట్టి ఫోటో తీసి నాకు పంపుతుంది.